చార్లీకి వీసా వచ్చింది!

సినిమాల్లో కుక్కలకి కాగితాలు అక్కర్లేదు. 1985లో వచ్చిన హిందీ 'తేరీ మెహర్బానియాఁ'లో జాకీ ష్రాఫ్ చచ్చిపోతే ఆయన పెంచిన కుక్కే పగ తీర్చుకుంటుంది. షిబుయా స్టేషన్ ముందు, చనిపోయిన యజమాని కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన జపాన్ కుక్క హచికో కథ, 2009లో రిచర్డ్ గేర్‌తో హాలీవుడ్ సినిమా అయింది. కన్నడం నుంచి తెలుగులోకొచ్చిన '777 చార్లీ' (2022)లో రక్షిత్ శెట్టి తన కుక్కకి మంచు చూపించడానికి దేశం ఆ చివరికంటా తీసుకెళ్తాడు. ఈ మూడింటికీ కొంగు తడిసేలా ఏడ్చినదాన్నే నేను. కానీ హీరో తన కుక్కని చంకనేసుకుని సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే సీను మాత్రం ఏ సినిమాలోనూ చూళ్ళేదు. ఆ సీను నా జీవితంలో వచ్చింది. ఇంటర్వెల్ కూడా లేకుండా!

చార్లీ మా ఇంటికి వచ్చింది 2022 వానాకాలంలో. నల్లకుంటలో మా వీధి చివర, ఆగివున్న ఆటో కింద వణుకుతూ కూర్చుంది. జాతికుక్క కాదు, అచ్చమైన ఊరకుక్క. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కబొడుచుకుని వుంటే ఇంకోటి వాలిపోయి వుండేది. అప్పుడే సినిమా చూసొచ్చిన మా అమ్మాయి ఆ పేరే పెట్టేసింది. మా అమ్మకి మాత్రం నోరు తిరగలేదో, తిప్పడం ఇష్టంలేదో, "చారు" అనేది.

"ఏమే, మీ చారు మళ్ళీ నా తులసికోట దగ్గరికొచ్చింది. దాన్ని కట్టేస్తావా, నన్ను తెనాలి బస్సెక్కిస్తావా?" ఇదీ వరస.

కింద వాటా అమ్మది, పై వాటా మాది. మధ్యనున్న మెట్లే సరిహద్దు. చార్లీ అయిదో మెట్టు దిగిందంటే కింద నుంచి కర్ర చప్పుడు వినిపించేది.

2024 జూన్‌లో మావారికి మాంచెస్టర్‌లో ఉద్యోగం ఖాయమైంది. సెప్టెంబర్లో అక్కడ బడులు తెరుస్తారు కనక ఆగస్టు ఆఖరుకి బయల్దేరాలి. మా అమ్మాయిది ఒకటే మాట: "చార్లీ రాకపోతే నేనూ రాను." సరే, ఇంకో టికెట్టు కొంటే సరిపోతుందనుకున్నాం. అమాయకులం!

డాక్టరుగారు చెప్పిన లెక్క వినండి. ముందు కుక్క చర్మం కింద బియ్యపుగింజంత మైక్రోచిప్ పెట్టాలి. దాంట్లో 15 అంకెల నంబరు వుంటుంది. రేబీస్ టీకా ఆ తర్వాతే వెయ్యాలి. అంతకుముందు ఏటేటా వేయించిన టీకాలు లెక్కలోకి రావు, ఎందుకంటే అవి ఈ కుక్కకే వేశారని రుజువేదీ? టీకా వేశాక 30 రోజులు ఆగి రక్తం తీసి, వాళ్ళు ఒప్పుకున్న ప్రయోగశాలకి పంపాలి. మిల్లీలీటరుకి కనీసం 0.5 యూనిట్ల రక్షణ వుండాలి. వుంది కదా అని వెంటనే రానివ్వరు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు కాచుక్కూచోవాలి. చివర్లో పొట్టలోని బద్దెపురుగులకి మందు. అదీ బ్రిటన్ గడ్డ మీద దిగడానికి 24 గంటలకి తక్కువ కాకుండా, 120 గంటలకి మించకుండా వెయ్యాలి. మా పెళ్ళికి పెట్టిన ముహూర్తం కూడా ఇంత గట్టిది కాదు!

వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. జూలైలో చిప్పు, టీకా. ఆగస్టులో రక్తం. నవంబర్లో గడువు తీరుతుంది. మరి మేం వెళ్ళేది ఆగస్టులో!

"ఇదేం అన్యాయమండీ?" అన్నాను.

"ఇది నయమమ్మా. 2012కి ముందైతే ఇక్కణ్ణుంచి వెళ్ళిన కుక్కని ఆర్నెల్లు అక్కడి క్వారంటైన్‌లో వుంచేవారు," అన్నారాయన.

కోపం తగ్గాక చదివితే వాళ్ళ భయం కూడా అర్థమయింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, ఇళ్ళకి తిరిగొచ్చే సైనికులు తాము ముద్దుచేసిన కుక్కల్ని దొంగచాటుగా ఓడల్లో తెచ్చుకున్నారట. అంతకుముందే ఆ దేశం నుంచి తరిమేసిన రేబీస్ 1918లో వాటి వెంటే మళ్ళీ అడుగుపెట్టింది. దాన్ని వదిలించుకునేసరికి 1922 వచ్చింది. ఇక మన సంగతా? ప్రపంచంలోని రేబీస్ చావుల్లో మూడోవంతుకు పైగా మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ సైనికుల ప్రేమలో లోటేమీ లేదు. అయినా జబ్బుని మోసుకొచ్చింది ఆ ప్రేమే.

సినిమావాళ్ళకైనా మినహాయింపు లేదండోయ్! 2015లో 'పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్' షూటింగ్‌కి ఆస్ట్రేలియా వెళ్ళిన జానీ డెప్ దంపతులు పిస్టల్, బూ అనే రెండు బుల్లి కుక్కల్ని సొంత విమానంలో, చెప్పాపెట్టకుండా తీసుకెళ్ళారు. క్షవరం చేయించడానికి బయటికి తేవడంతో సంగతి బయటపడింది. వెనక్కి పంపుతారా, చంపమంటారా అని ఆ దేశపు మంత్రే హెచ్చరించాడు. కుక్కలు వెనక్కెళ్ళాయి. 2016లో అంబర్ హెర్డ్ కోర్టుకెళ్ళి, కాగితంలో తప్పు రాశానని ఒప్పుకోవలసి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ వీడియోలో క్షమాపణ చెప్పుకున్నారు. అంతటి హీరోకే తప్పనప్పుడు నల్లకుంట చార్లీ ఎంత!

ఇంకో మాట కూడా మనసుకి గుచ్చుకుంది. మన దేశం నుంచి బ్రిటన్ వెళ్ళే పెంపుడు కుక్క మనతోపాటు ప్రయాణికురాలిగా వెళ్ళడానికి వీల్లేదు. కార్గోలో, సరుకుగా వెళ్ళాలి. నిలబడ్డానికీ, చుట్టూ తిరగడానికీ, పడుకోడానికీ చోటున్న బోనుండాలి. మత్తిచ్చి పడుకోబెడదామంటే విమానాలవాళ్ళు ఒప్పుకోరు. ఆ ఎత్తులో ఊపిరికి ప్రమాదమట. కనక కొన్ని వారాల ముందు నుంచే బోను అలవాటు చెయ్యాలి.

సరే, మేం ముందు వెళ్ళడం, గడువు తీరాక నేనొచ్చి తీసుకెళ్ళడం అని ఖాయమైంది. అంతవరకూ చార్లీని ఎక్కడ వుంచాలి? కుక్కల హాస్టళ్ళ గురించి వాకబు చేస్తుంటే అమ్మ విన్నది.

"నాలుగు నెలలేగా. నా వాకిట్లో కట్టేసి పొండి. ఇంత తిండి పడేస్తాను. లోపలికి మాత్రం రానివ్వను," అంది.

ఇక్కడ అమ్మ సంగతి చెప్పాలి. నాన్న పోయి ఆరేళ్ళయింది. నేనొక్కదాన్నే సంతానం. అమ్మని కూడా తీసుకెళ్దామని చూశాం. విజిటర్ వీసా మీదైతే ఒక విడతకి ఆరు నెలలే. ఎప్పటికీ మాతో వుండాలంటే, ఇంకొకరు చూస్తే తప్ప రోజు గడవని స్థితిలో వుండాలి. ఆ చూసేవాళ్ళు ఇక్కడ దొరకరని కూడా రుజువు చెయ్యాలి. మా అమ్మేమో డెబ్భై ఒకటో యేట ఆవకాయ జాడీ తనే ఎత్తి దించుతుంది. ఆరోగ్యంగా వుండటమే ఆవిడ అనర్హత!

చార్లీకి చిప్పు వేయించి తెచ్చిన సాయంత్రం అమ్మ అరుగు మీద కూర్చుని అంతా విని, "బావుందే. దానికి రెండు సూదులు పొడిపిస్తే ఎప్పటికీ మీతో వుండొచ్చు. నాకు మాత్రం ఏ సూదీ లేదన్నమాట!" అంది. నవ్వుతూనే అంది. మేమూ నవ్వాం. ఆ నవ్వు, విమానం ఎక్కాక నా గొంతులో అడ్డం పడింది.

మాంచెస్టర్ నుంచి రోజూ వీడియోలో మాట్లాడేవాళ్ళం. మొదటి వారం చార్లీ వాకిట్లో తాడుకి కట్టేసి వుంది. రెండో వారానికి తాడు లేదు. "మెడ ఒరుసుకుపోతోందే," అంది అమ్మ. అక్టోబర్లో వంటింటి గడప దగ్గర కనిపించింది. "దాటలేదు చూడు, ముక్కొక్కటే లోపలుంది," అని అమ్మే దాని తరఫున వాదించింది. బోను తెప్పించి పంపితే, అందులో తన పాత నేత చీర మడతపెట్టి పరిచి, పెరుగన్నం గిన్నె పెట్టి, తలుపు తీసివుంచి, కొద్దికొద్దిగా అలవాటు చేసింది. తన్ని వదిలి వెళ్ళడం ఎలాగో దానికి తనే నేర్పిందన్నమాట. ఆ మాట నాకప్పుడు తట్టలేదు.

నవంబర్లో ఒకరోజు మాటల మధ్య, "మొన్న కళ్ళు తిరిగి దొడ్లో కూలబడ్డాను. మీ చారు అరిచిన అరుపులకి పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. ఎంత గొంతే దానిది!" అంది. ఆ మొన్న అంటే పది రోజుల కిందటిదట. మాకు చెప్పనేలేదు.

డిసెంబర్లో నేనొచ్చాను. కుక్కకీ మనకీ ప్రయాణాల మధ్య అయిదు రోజులు మించకూడదు కనక ఎవరో ఒకళ్ళం రాక తప్పదు. రక్తపరీక్ష బాగా వచ్చింది, గడువు తీరింది, ఆరోగ్య ధ్రువపత్రం చేతికొచ్చింది. పురుగులమందు ఇడ్లీలో పెట్టి మింగించాను. మా ముగ్గురి టికెట్లకంటే దాని ఒక్కదాని ఖర్చే ఎక్కువయింది. అయితేనేం, చార్లీకి వీసా వచ్చినట్టే!

నన్ను చూసి గెంతులు వేసింది, ఒళ్ళంతా నాకింది. మర్చిపోలేదని పొంగిపోయాను. ఆ రాత్రి పైకి తీసుకెళ్ళి పడుకోబెట్టాను. అర్ధరాత్రి మెలకువొస్తే పక్కన లేదు. మెట్లు దిగి చూస్తే, అమ్మ గది గుమ్మానికి అడ్డంగా పడుకుని వుంది. నా అలికిడికి తలెత్తి, తోకతో నేల మీద రెండుసార్లు కొట్టింది. లేవలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ లేచింది. పెరుగన్నం కలిపి స్టీలు పళ్ళెంలో పెట్టింది. "పొద్దున్నే పెడితే ఎక్కేవేళకి అరిగిపోతుంది," అంది. కాసేపాగి, "చీర తియ్యకే బోనులోంచి. ఆ వాసన లేకపోతే పడుకోదు," అంది. నా మొహం చూడకుండా గిన్నె తోముతూనే వుంది. తోమిన గిన్నే మళ్ళీ తోమింది.

"అమ్మా, దీన్ని నీ దగ్గరే వుంచనా?" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా? అంత డబ్బు పోశారు. పిల్ల ఏడుస్తుంది. తీసుకెళ్ళు, నీ కుక్క," అంది. ఆ 'నీ కుక్క' దగ్గర గొంతు పలకలేదు.

నేనొక్కదాన్నే విమానం ఎక్కాను. డబ్బు చాలావరకు పోయింది. మా అమ్మాయి వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక సాయంత్రం తనే వచ్చి, "అమ్మమ్మకి మళ్ళీ కళ్ళు తిరిగితే చార్లీ అరుస్తుందిగా?" అని అడిగింది. అరుస్తుందన్నాను.

మంచిపని చేశావని అందరూ అంటారు. నాకే సందేహం. చార్లీ సుఖం కోరి వదిలానా? లేక, అమ్మ దగ్గర నేనుండవలసిన చోట ఒక మూగజీవాన్ని కాపలా పెట్టి చేతులు దులుపుకున్నానా?

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథ మనందరికీ తెలుసు. దాన్ని విడిచి రమ్మంటే స్వర్గమే వద్దన్నాడు మహానుభావుడు. చిన్నప్పుడు ఆ కథ నాకు చెప్పింది అమ్మే. నా పని ఆయన చేసినదానికి సరిగ్గా తలకిందులు. కానీ ఒక్క సంగతి గుర్తొస్తుంది. ఆయన బయల్దేరేనాటికి కుంతీదేవి లేదు, అంతకుముందే అడవిలో కార్చిచ్చుకి ఆహుతైంది. ఆ తల్లి ఇంట్లో ఒంటరిగా వుండి, కుక్క కోసం నాలుగింటికే లేచి పెరుగన్నం కలిపి వుంటే, ఆయనేం చేసేవాడో!