సముద్రంలో పల్లేరు కాయ

భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం వెళ్ళొచ్చిన వారంలో మా క్లాసులో హోంవర్కు నోట్సుల కన్నా గవ్వలే ఎక్కువ కనిపిస్తాయి. పెన్సిల్ పౌచుల్లో, లంచ్ బ్యాగుల్లో, ఒక్కోసారి సాక్సుల్లో కూడా. "ఈ చెత్తంతా ఎందుకు మోస్తున్నావు" అని మీరు బ్యాగు దులిపి పారేసేవి కొన్ని, పారేసినా పిల్లలు మళ్ళీ ఏరుకొచ్చేవి కొన్ని. వాటిలో ఒకదాని గురించే ఈ నెల మీకు రాస్తున్నాను. అది మీ ఇంట్లో ఉంటే దయచేసి పారేయకండి.

అదొక ముళ్ళ నత్త గుల్ల. పైభాగం బొంగరంలా గుండ్రంగా ఉంటుంది. కింద స్ట్రా లాంటి పొడుగాటి తోక, ఒంటి నిండా ముళ్ళు. వీటిని మ్యూరెక్స్ అంటారు. మన తీరంలో వలలకు తరచుగా చిక్కేది మ్యూరెక్స్ ట్రాపా, దీనికి ముళ్ళు కాస్త తక్కువ. దీని దగ్గరి చుట్టం మ్యూరెక్స్ ట్రైబ్యులస్‌కు ముళ్ళు ఎక్కువ, పొడుగు కూడా.

క్లాసులో ఈ రెండో పేరు బోర్డు మీద రాసి, "ట్రైబ్యులస్ అంటే మన పల్లేరు" అన్నాను. ఒక్కరూ పలకలేదు. పల్లేరు కాయ కాల్లో గుచ్చుకున్న పిల్లలు ఆ గదిలో ఒక్కరూ లేరు మరి. బూట్లు వేసుకుని బస్సెక్కి, బస్సు దిగి క్లాసులోకొచ్చే పిల్లలకు పల్లేరు ఎక్కడ తగులుతుంది? చివరికి మా ఆయమ్మగారు ప్రహరీ పక్కన ఎండిన తీగ నుంచి రెండు కాయలు కోసి తెచ్చి, "ఇదేనమ్మా, జాగ్రత్త" అంటూ టేబుల్ మీద పెట్టారు. పల్లేరుకు ట్రైబ్యులస్ అని 1753లో పేరు పెట్టినవారే, లిన్నేయస్, 1758లో ఈ నత్తకూ అదే పేరు పెట్టారు. ఎలా పడేసినా ఒక ముల్లు పైకి నిలిచేలా చేసి, శత్రువుల గుర్రాల దారిలో చల్లే ఇనప ముళ్ళుండేవి. ఈ పేరు వాటిదే. ట్రాపా అన్నా అలాంటిదే. సింగాడా దుంపలని మనం అనుకునే ఆ ముళ్ళ కాయల మొక్క పేరు కూడా ట్రాపాయే. అయిదు మార్కుల ప్రశ్నగా ఎప్పటికీ రాదు కానీ, ఆ పీరియడ్ తర్వాత ఆ పేరు మరిచిపోయిన పిల్లవాడు నాకు కనబడలేదు.

ఇప్పుడు గుల్లను చేతిలోకి తీసుకుని, మొన వైపు నుంచి సూటిగా కిందికి చూడండి. ముళ్ళు ఎలా పడితే అలా లేవు. మూడు వరసల్లో ఉన్నాయి, సీలింగ్ ఫ్యాన్‌కి మూడు రెక్కల్లాగా. నత్త రోజూ కొంచెం కొంచెం సమానంగా పెరగదు. మూడో వంతు చుట్టు గబగబా కట్టుకుంటుంది, ఆగుతుంది. ఆగిన చోట అంచును మందంగా చేసుకుని ఒక వరస ముళ్ళు మొలిపిస్తుంది. కొంతకాలానికి మళ్ళీ ఇంకో మూడో వంతు. అంటే ఒక్కో వరసా అది ఆగిన ఒక్కో మజిలీ. మీ చేతిలోని గుల్ల నోటి అంచున ఉన్నది అన్నిటికన్నా కొత్త వరస.

ఒక ముల్లును దగ్గరగా చూస్తే, నోటివైపు సన్నటి గాడి కనిపిస్తుంది. నత్త తన మెత్తటి ఒంటి అంచును వేళ్ళలా చాచి, వాటి చుట్టూ సున్నపు పదార్థం పోసి ముల్లు కడుతుంది. వేలు వెనక్కి తీసుకున్నాక మిగిలిన గుర్తే ఆ గాడి. నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. పెరుగుతూ పెరుగుతూ చుట్టు తిరిగి వచ్చేసరికి తన పాత ముళ్ళే తనకు అడ్డొస్తాయి. అప్పుడు వాటిని తనే కరిగించుకుని ముందుకు పోతుంది.

ఆ పొడుగాటి తోక సంగతీ చెప్పాలి. ఇసుకలోనో బురదలోనో సగం పూడుకుని ఉండే నత్త, ఆ గొట్టం గుండా నీళ్ళు పీల్చి ఆహారం వాసన పట్టుకుంటుంది. ముళ్ళేమో చేపలు, పీతలు నోట్లో పెట్టుకుని నలపకుండా కాపాడతాయి. మెత్తటి బురదలో దిగబడకుండా కూడా ఆపుతాయని కొందరంటారు. వలల వాళ్ళకు మాత్రం ఇది తలనొప్పి. పల్లిపాలెంలో వలలు బాగుచేసుకునే వారిని అడిగి చూడండి. ముళ్ళు వల కళ్ళలో చిక్కుకుంటే విరగ్గొట్టి లాగడమే దారి, వేళ్ళకు గాయాలూ తప్పవు. ఒడ్డున పిల్లలకు దొరికేవాటికి సగం ముళ్ళు లేకపోవడానికి ఒక కారణం ఇదే.

ఈ నత్తల పెద్ద కుటుంబంలో చిప్పలకు బెజ్జాలు వేసి లోపలి జీవిని తినేవి చాలా ఉన్నాయి. గుండ్రటి బెజ్జం ఉన్న చిప్పలు ఏరి పిల్లలు దండలు గుచ్చుతారే, ఆ బెజ్జాలు ఇలాంటి నత్తల పనే. అదే కుటుంబంలోని మధ్యధరా సముద్రపు నత్తల నుంచి పూర్వం రాజుల బట్టలకు ఊదారంగు తీసేవారు. 1909లో ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తల నుంచి ఆ రంగు తీస్తే వచ్చింది 1.4 గ్రాములు!

మా ఏడో తరగతిలో ఒక అమ్మాయి నాన్నగారు మస్కట్‌లో పనిచేస్తున్నారు. రాజోలు, మలికిపురం వైపు ఇళ్ళలో ఇది కొత్తేమీ కాదు. పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు వాళ్ళమ్మగారు అన్నారు: "రోజూ ఫోన్లో రెండే మాటలండీ. తిన్నావా, మార్కులెన్ని. ఆయ్, మూడో మాట ఉండదండి." గుల్ల దొరికిన రోజు ఆ అమ్మాయి దాన్ని కెమెరా ముందు తిప్పుతూ ముళ్ళన్నీ నాన్నచేత లెక్కపెట్టించిందట. శుక్రవారం సెలవు నాడు ఆయన అక్కడి ఒడ్డుకు వెళ్ళి, వెతికి, ఇలాంటిదే ఒకటి ఫొటో తీసి పంపారు. ఆ సముద్రంలోనూ ఈ నత్త చుట్టాలున్నాయి. ఆయనకు దొరికినదానికి ముళ్ళు చాలావరకు విరిగాయి. అసలు ఎన్ని ఉండేవో విరిగిన మొదళ్ళు చూసి చెప్పాలని తండ్రీకూతుళ్ళ పందెం. రెండూ ఒకే రకం కావు కాబట్టి ఇక్కడిది చూసి అక్కడిది చెప్పలేం. నన్ను తీర్పు అడిగారు, నేను తప్పించుకున్నాను. ఇంకా తేలలేదు.

ఆ తల్లిగారికే ఇంకో అనుమానం, ముళ్ళున్న వస్తువు ఇంట్లో ఉంటే గొడవలొస్తాయంటారు కదా అని. గుల్ల సున్నం కొట్టిన గోడల మధ్యే మన తాతలు కాపురాలు చేశారండీ, ఇదీ ఆ సున్నపు సరుకే అన్నాను. నమ్మకం లేకపోతే విరిగిన చిప్ప ముక్క మీద నాలుగు చుక్కలు నిమ్మరసం వేయించండి. బుడగలొస్తాయి. యాసిడ్ల పాఠానికి షాపులో కొనే థర్మోకోల్ మోడల్ కన్నా ఇది నయం, ఖర్చూ లేదు. మంచి గుల్ల మీద మాత్రం వేయనివ్వకండి, కరిగిపోతుంది. మంచి నీళ్ళలో నాలుగైదు రోజులు నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, నీడలో ఆరబెడితే వాసన పోతుంది.

ఈసారి ఓడలరేవో అంతర్వేదో వెళ్ళినప్పుడు పిల్లలు ఏరేముందు గుల్ల నోట్లోకి చూడమనండి. గోధుమరంగు మూత గట్టిగా బిగించి ఉంటే లోపల నత్త బతికే ఉంది, నీళ్ళలో వదిలేయాలి. ఐస్‌క్రీమ్ కోన్ ఆకారంలో, అందమైన చారలూ మచ్చలూ ఉన్న గుల్లను మాత్రం చేత్తో ముట్టనివ్వకండి. ఆ జాతి నత్తలకు విషపు సూది ఉంటుంది. కొన్నిటి కాటుకు మనుషుల ప్రాణాలే పోయాయి. ఇక నోట్లోంచి సన్నటి కాళ్ళు బయటికి వస్తే భయపడక్కర్లేదు. నత్త ఎప్పుడో పోయింది, ఖాళీ ఇంట్లో సన్యాసి పీత కాపురముంది.