ఇల్లు మారిన పిల్లి

కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అంటారు పెద్దవాళ్ళు. చిలకలగూడ పెంకుటింట్లో మా చిట్టి బతుకు చూసినవాళ్ళెవరైనా అది నిజమే అనేవారు. పగలంతా ప్రహరీగోడ మీదే దాని మకాం. స్టేషన్ వైపు నుంచి రైలు కూతలు ఎన్ని వినబడినా చెవి కూడా కదిపేది కాదు. ఆకలేస్తే వచ్చి తిని పోయేది. ఎత్తుకోబోతే చేతుల్లోంచి జారిపోయేది. ఆ ఇల్లు అపార్ట్‌మెంట్ కట్టడానికి ఇచ్చేసి, వెస్ట్ మారేడ్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌కి వచ్చాం. ఆ రోజు నుంచి అది నన్ను వదిలిపెట్టడం మానేసింది.

పోపు వేస్తుంటే మడమలకు ఒళ్ళు రాస్తూ కాళ్ళ మధ్య తిరుగుతుంది. ఫోన్లో ఎవరితోనైనా మాట్లాడుతుంటే నాకూ ఫోనుకీ మధ్య తల దూరుస్తుంది. స్నానానికి వెళ్ళి తలుపు వేసుకున్నానా, బయట అరుపులు మొదలు. కాసేపటికి తలుపు కింది సందులోంచి ఒక ముందుకాలు లోపలికి వస్తుంది. గోళ్ళు లోపలికి ముడుచుకుని, మెత్తటి అరికాలితో తడినేలను అటూ ఇటూ తడుముతుంది. నీళ్ళ చప్పుడు ఆగితే ఆ కాలూ ఆగుతుంది, నేనేం చేస్తున్నానో వింటున్నట్టు. మళ్ళీ చెంబు ముంచగానే తడమడం మొదలు.

మొదట పశువైద్యుడికి చూపించాం. వయసు మీదపడిన పిల్లి ఉన్నట్టుండి ఇలా అతుక్కుపోతే థైరాయిడ్ లాంటి జబ్బేమైనా ఉందేమో చూసుకోవాలి. చిట్టికి జబ్బేమీ లేదు. లేనిది దాని ఊరు.

పిల్లికి ఇల్లంటే గోడలు కావు, వాసనలు. దాని చెంపల్లో, నుదుట, తోక మొదట్లో వాసన గ్రంథులుంటాయి. గడపకీ గుమ్మానికీ చెంప రాసినప్పుడల్లా ఇది నాది అని గుర్తు పెట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి పెట్టుకున్న ఆ గుర్తులన్నీ చిలకలగూడలో పెంకులతో పాటే పోయాయి. కొత్త ఫ్లాటంతా సున్నం వాసన, ఫినాయిల్ వాసన. అందులో దానికి తెలిసిన వాసన నాదీ, అమ్మదీ. అందుకే ఇప్పుడు గుమ్మానికి రాయాల్సిన చెంప నా మడమకు రాస్తోంది.

పిల్లికి ప్రేమ లేదు, తిండి కోసమే వస్తుందనే మాట నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీవాళ్ళు 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. పిల్లికూనను తెలియని గదిలో పెంచినవాళ్ళతో రెండు నిమిషాలు ఉంచి, మరో రెండు నిమిషాలు ఒంటరిగా వదిలి, తర్వాత వాళ్ళను మళ్ళీ లోపలికి పంపారు. దాదాపు 64 శాతం కూనలు మనిషిని పలకరించి, ధైర్యం తెచ్చుకుని, మళ్ళీ గది చూడటానికి వెళ్ళిపోయాయి. మిగిలినవాటిలో కొన్ని మనిషిని అతుక్కుని కదల్లేదు, కొన్ని దగ్గరికే రాలేదు. కొత్త ఇంట్లో మా చిట్టి ఆ కదలనివాటిలో చేరిపోయింది. దానికి ప్రేమ తక్కువై కాదు, ధైర్యం చాలక.

ఇక ఆ అరుపులు. ఎదిగిన పిల్లులు తమలో తాము మ్యావ్ అని పిలుచుకోవడం చాలా అరుదు. అది కూనలు తల్లిని పిలిచే పిలుపు. పెద్దయ్యాక దాన్ని మనుషుల కోసం అట్టే పెట్టుకుంటాయి. వేకువన నా గుండెల మీదెక్కి ముందుకాళ్ళతో పిసకడమూ అంతే. పాలు తాగేటప్పుడు తల్లి పొట్టను అలాగే పిసుకుతాయి.

అరిచినప్పుడల్లా లేచి తిండి పెడితే అరుపే అలవాటవుతుంది. అలాగని కసిరితే ఉన్న భయం పెరుగుతుంది. అందుకే రాత్రి పడుకోబోయే ముందు తాడుకి ఈక కట్టి బాగా ఆడించి, అలిసిపోయాక తిండి పెడుతున్నాను. చిలకలగూడ నుంచి తెచ్చిన పాత దుప్పటి ఉతక్కుండా కిటికీ దగ్గర పరిచాను. ఇప్పుడు మధ్యాహ్నాలు నన్ను వదిలి అక్కడ పడుకుంటోంది. లష్కర్ బోనాలకు డప్పులు మోగినప్పుడు మాత్రం ఒళ్ళోంచి దిగలేదు. నేనూ దింపలేదు.

అమ్మ ఒకరోజు దాని తల నిమురుతూ అంది: "పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. దీన్ని మనం తిప్పామే."

శ్రీవైష్ణవుల్లో తెంగలైవారు చెప్పే మార్జాల కిశోర న్యాయం గుర్తొచ్చింది. కోతిపిల్ల తల్లిని తనే కరుచుకుని ఉండాలి. పిల్లికూనకు ఆ శ్రమ లేదు, మోసుకెళ్ళే భారమంతా తల్లిదే. చిట్టిని బుట్టలో పెట్టి ఆటో ఎక్కించింది నేను. ఎక్కడికని అది అడగలేదు, అడిగినా నాకు అర్థమయ్యేది కాదు. కోతిపిల్లలా అది నన్ను పట్టుకుని వేలాడుతోందంటే, నేను పట్టుకున్నానన్న నమ్మకం దానికింకా కుదరలేదన్నమాట. అది కుదిరేదాకా ఎన్నిసార్లు పిలిచినా పలకాల్సింది నేనే.

వచ్చే నెల రాజమండ్రిలో పిన్ని కూతురి పెళ్ళి. పక్క ఫ్లాటువాళ్ళు రోజూ వచ్చి తిండి పెడతామన్నారు, మంచివాళ్ళు. కానీ చిట్టికి కావలసింది తిండొక్కటే కాదు. నిన్న రాత్రి అమ్మ తేల్చి చెప్పేసింది: "నువ్వు వెళ్ళిరా. నేను దీని దగ్గర ఉంటాను. పిన్నికి నేను ఫోన్ చేసి చెప్తాలే."