టగ్గు ఎక్కడుంది?

మా సంఘంలోని ఒక సహోదరి కుమారుడు టగ్గు మీద పని చేస్తున్నాడు. టగ్గు అంటే పెద్ద ఓడలను రేవులోకి లాగి, నెట్టి, ఒడ్డుకు చేర్చే చిన్న ఓడ. చిన్నదన్నానే గాని బలమంతా దానిదే. 2021 మార్చిలో 400 మీటర్ల పొడవున్న ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువలో ఆరు రోజులు ఇరుక్కుపోయింది. ఇసుక తవ్వి, పోటు వచ్చేదాకా ఆగి, చివరికి దానిని కదిలించినవి టగ్గులే.

ఒకసారి ఆ అబ్బాయి కాకినాడ నుండి చెన్నైకి ఒక బార్జిని లాగుకొని వెళ్లే టగ్గులో బయలుదేరాడు. రెండవ రాత్రి ఆ తల్లి మా గుమ్మంలో నిలబడి, "అయ్యగారండీ, మా బాబు ఫోను కలవట్లేదు. మీ ఫోనులో ఓడలు కనబడతాయంట గదా, కొంచెం చూసి చెప్పండి" అన్నది. చూశాను. పటం మీద టగ్గు పేరు, పక్కన చిన్న గుర్తు. ఎంతసేపు చూసినా కదలలేదు. "సముద్రం మధ్యలో ఆగిపోయిందమ్మా" అనేశాను. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదని మరునాడు తెలిసింది.

తప్పు నాదే. గుర్తును చూశాను గాని, దాని కింద ఉన్న సమయం చూడలేదు. అది తొమ్మిది గంటల కిందటి వార్త! ఓడ ఆగలేదు, దాని కబురు ఆగింది.

ఓడలో ఏ.ఐ.ఎస్. అనే యంత్రం ఉంటుంది. ఓడ నడుస్తుంటే కొద్ది సెకన్లకొకసారి, లంగరు వేసి ఉంటే సుమారు మూడు నిమిషాలకొకసారి తానెక్కడున్నదీ రేడియోలో చెబుతూనే ఉంటుంది. ఒడ్డునున్న యాంటెనాలు కొన్ని పదుల కిలోమీటర్ల వరకే వినగలవు. ఆ పైన ఉపగ్రహం వినాలి. ఉచితంగా చూసుకునే మనబోటివారికి ఆ సమాచారం చాలాసార్లు అందదు.

పేరు, పొడవు, వెడల్పు కూడా యంత్రమే చెబుతుంది. తొమ్మిది అంకెల నంబరు 419తో మొదలైతే అది మన దేశపు ఓడ. జెండా మారితే ఆ నంబరు మారుతుంది. ఏడు అంకెల ఐ.ఎం.ఓ. నంబరు మాత్రం ఓడను తుక్కు చేసేవరకు మారదు. ఎక్కడికి వెళ్తున్నదో మాత్రం సిబ్బంది చేత్తో కొట్టాలి. మరచిపోతే పాత రేవు పేరే ఉండిపోతుంది. కాబట్టి దానిని గుడ్డిగా నమ్మకండి. ఇక అసలైన లాగే బలం ఆ కబురులో ఉండనే ఉండదు. టగ్గును ఒడ్డునున్న ఇనుప దిమ్మకు తాడుతో కట్టి, ఇంజను పూర్తిగా నడిపి, ఎన్ని టన్నులు లాగిందో కొలుస్తారట. ఇది ఆ అబ్బాయే తరువాత నాకు చెప్పాడు.

మూడవనాడు ఉదయం చెన్నై దాపులో గుర్తు కనబడింది. వేగం ఐదు నాట్లు, అంటే గంటకు తొమ్మిది కిలోమీటర్లు. బార్జిని లాగుతుంటే అంతే మరి. వాళ్లింటికి పరుగెత్తాను.

"మా బాబు అందులోనే ఉన్నాడాండీ?" అన్నది.

ఈసారి తొందరపడలేదు. "టగ్గు ఉందమ్మా. సమయం కూడా చూశాను, నాలుగు నిమిషాల కిందటిది."

ఆమె లోపలికి వెళ్లి పొయ్యి మీద ఎసరు పెట్టింది. మధ్యాహ్నం అతని ఫోను వచ్చేవరకు నేను ఆ అరుగు మీదనే కూర్చున్నాను.