మిఠాయి వీధిలో ఒక సాయంత్రం

రమజాన్ చివరి పది రోజుల్లో హైదరాబాద్ పాతబస్తీని చూడదలచినవారు అస్ర్ నమాజు తరువాత నయాపూల్ మీదుగా కాలినడకన రావాలి. కింద మూసీ, వెనుక ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, ముందు మదీనా చౌరస్తా. అక్కడి నుంచి పత్తర్‌గట్టి రాతి కట్టడాల నీడన సాగి, మచ్లీ కమాన్ దాటి, గుల్జార్ హౌజ్ చుట్టి, చార్మినార్ కమాన్ కిందుగా వెళితే 1591 నాటి చార్మినార్ ఎదుట నిలుస్తాము. కిలోమీటరు పైచిలుకు దూరం. చిన్ననాటి నుంచి ఈ దారిని ఎరుగుదును. కానీ పెద్దయ్యాక దీన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచింది ఈ సంవత్సరమే.

పదహారు నెలల క్రితం నా బరువు 118 కిలోలు. కర్నూలు బస్సు దిగి షాలిబండలోని ఆపా ఇంటికి చేరాలంటే ఆటో తప్ప గతి లేదు. మధుమేహం అప్పటికే పట్టుకుంది. మా అబ్బాను తీసుకుపోయింది కూడా అదే వ్యాధి. ముందు కాలి వేళ్లు పోయాయి, తరువాత మూత్రపిండాలు చెడ్డాయి. నేనూ ఆ వరుసలోనే నిలబడి ఉన్నానన్న భయంతో గ్యాస్ట్రిక్ బైపాస్ శస్త్రచికిత్సకు సమ్మతించాను. నేడు నా బరువు 79 కిలోలు.

ఈ శస్త్రచికిత్సలో జీర్ణాశయపు పై భాగాన్ని కోడిగుడ్డంత సంచిగా వేరుచేసి, చిన్నపేగును తెచ్చి నేరుగా దానికి కలుపుతారు. కొద్దిపాటి ఆహారానికే కడుపు నిండుతుంది. ఆకలిని ప్రేరేపించే రసాయనాలలోనూ మార్పు వస్తుంది. మొదటి నెలల్లో తీపి నాకు రుచించనేలేదు. షీర్ ఖుర్మా గిన్నె ఎదుట ఉన్నా మనసు కదలలేదు. గెలిచాననుకున్నాను.

పదో నెలలో ఆ కోరిక తిరిగి వచ్చింది. ఇల్లంతా నిద్రపోయాక వంటగది అలమర వైపు చూపు పోయేది. ఏడాది నిండిన శీతాకాలంలో ఒక బంధువుల వివాహానికి వెళ్లాను. ఎవరూ చూడని మూలన నిలబడి, గిన్నెడు డబల్ కా మీఠా తినేశాను. పదిహేను నిమిషాలు గడవకముందే గుండె దడదడలాడింది. చెమటలు పట్టాయి, కడుపు మెలిపెట్టింది. పెళ్లికూతురి గదిలో తలుపు వేసుకుని నేలమీద పడుకున్నాను. రెండు గంటల తరువాత చేతులు వణికాయి, మళ్లీ తీపి కావాలనిపించింది. ఎవరికీ చెప్పలేదు. ఇందరి ఖర్చు, ఇందరి దుఆలు ఒక గిన్నెతో పాడు చేశానన్న సిగ్గు నన్ను వారాల పాటు దహించింది.

చివరికి ఆహార నిపుణురాలికి మాత్రం చెప్పుకున్నాను. ఆమె మందలించలేదు. జరిగినదాన్ని విప్పి చెప్పారు. చక్కెర చిన్నపేగులోకి ఒక్కసారిగా దిగినప్పుడు శరీరంలోని నీరు అటు లాగబడుతుంది. దడకు, చెమటకు, కడుపునొప్పికి అదే మూలం. తరువాత ఇన్సులిన్ అవసరానికి మించి వెలువడి, రక్తంలో చక్కెర పడిపోతుంది. వణుకు అందువల్లనే. పడిపోయిన చక్కెరే మళ్లీ తీపిని కోరుతుంది. "ఇది మీ ఈమాన్‌కు పరీక్ష అనుకుని మిమ్మల్ని మీరు హింసించుకోకండి. శస్త్రచికిత్స కడుపుకు జరిగింది, అలవాటుకు కాదు" అన్నారు.

ఆనాటి నుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాను. ప్రతి భోజనంలో ముందు గుడ్డో, మాంసమో, పప్పో తినడం. భోజనంతో పాటు నీళ్లు తాగకుండా, అరగంట ఆగి గుక్కగుక్కగా తాగడం. విటమిన్ మాత్రలు మానకపోవడం. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆకలితో మిఠాయి ఉన్న చోటికి పోకపోవడం.

అందుకే ఆ సాయంత్రం బస్సు దిగకముందే ఉడికించిన గుడ్డు తిన్నాను. ఈ ఏడాది ఉపవాసాలు వద్దని వైద్యుడు ఆదేశించారు. రోగికి ధర్మం ఇచ్చిన వెసులుబాటే అయినా, ఉపవాసులతో నిండిన వీధిలో నీళ్ల సీసా కొంగుచాటున దాచుకుని నడవడం సులభమనిపించలేదు.

మదీనా చౌరస్తాలో హలీమ్ బట్టీల పొగ, అత్తరు వాసన. పత్తర్‌గట్టిలో ఖర్జూరాల గుట్టలు, సేమ్యా కట్టలు. మచ్లీ కమాన్ దగ్గర ఒక మిఠాయి దుకాణం పళ్లెంలో నేతితో మెరుస్తున్న జౌజీ హల్వా. కాళ్లు ఆగిపోయాయి. నోరూరింది. కోరిక అలలాంటిదని, దానితో పెనుగులాడక కాసేపు గడవనిస్తే తగ్గుతుందని ఆహార నిపుణురాలు చెప్పిన మాట గుర్తుచేసుకుని పక్కకు తప్పుకున్నాను. కమాను నీడలో నిలబడి నన్ను నేను అడిగాను: నిజంగా కావలసింది ఏమిటి?

అబ్బా గుర్తుకొచ్చారు. ఈద్ ముందు మమ్మల్ని ఈ కమాను దాకా నడిపించుకొచ్చి, హల్వా పొట్లం విప్పి, మొదటి ముక్క నా నోట పెట్టేవారు. తన మధుమేహం సంగతి తెలిసిన తరువాత కూడా మాతో పాటు తినడం మానలేదు. పిల్లల ముందు కాదనడం ఆయనకు చేతకాలేదు. నేను వెతుకుతున్నది ఆ చేతిని. అది ఏ దుకాణంలోనూ దొరకదు. ఆయన కోసం దుఆ చేసుకుని ముందుకు కదిలాను. గుల్జార్ హౌజ్ చేరేసరికి కోరిక సన్నగిల్లింది. పూర్తిగా పోయిందని చెప్పను.

అసలు పరీక్ష ఆపా ఇంట్లో ఎదురైంది. మగ్రిబ్ అజాన్ అయ్యాక దస్తర్‌ఖాన్ మీద గాజుగిన్నె నిండా ఖుబానీ కా మీఠా, పైన మీగడ. రాత్రంతా ఖుబానీలు నానబెట్టి, పొద్దున్నే పాకం పట్టి నాకోసమే చేసిందట.

"ఒక్క చెంచా నా చేత్తో తిను. అమ్మీ ఉంటే కాదంటావా?"

ఇన్నాళ్లూ కడుపు నిండిందనో, తరువాత తింటాననో చెప్పి తప్పించుకునేదాన్ని. ఆ రోజు అబద్ధం నోట రాలేదు. పెళ్లింట్లో నేలమీద పడుకున్న సంగతి మొత్తం చెప్పాను. ఆపా చెంచా కింద పెట్టింది. కొంతసేపు మాట్లాడలేదు.

"ఆ గదికి పక్కగదిలోనే ఉన్నాను కదా, నన్ను పిలవాల్సింది" అంది చివరికి.

మీఠా గిన్నెను తీసుకుపోయి పక్కింటి పిల్లలకు పంపింది. నా ముందు చిన్న కప్పులో హలీమ్ పెట్టి, పైన తేలిన నెయ్యిని తానే తీసివేసింది. నాలుగు చెంచాలు నెమ్మదిగా తిన్నాను. కడుపులో మూడోవంతే ఆహారానికన్న దైవప్రవక్త (స) బోధనను చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ కొలత నా శరీరానికి ఇప్పుడు తెలిసివచ్చింది.

తరావీహ్ తరువాత, "లాడ్ బజార్‌కు నడిచే పోదాం, నాకూ చక్కెర 240 ఉందని మొన్న చెప్పారు" అంది ఆపా. ఆ సంగతి ఆమె నా దగ్గర దాచినదే! ఇద్దరమూ ఒకరి రహస్యం ఒకరికి అప్పగించుకున్నట్లయింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంది. నేను తొందరపెట్టలేదు. నిన్నమొన్నటి దాకా నేను ఆగిన చోట్లే అవి.

గాజుల దుకాణంలో అలవాటుగా "రెండు పది" అన్నాను. దుకాణదారు నా చేయి చూసి నవ్వి, రెండు ఆరు సైజు లక్క గాజులు తెచ్చి తొడిగాడు. సరిపోయాయి.

ఆపాకు నేను చెప్పినదే ప్రతి ఇంటికీ చెప్పాలనుంది. ఈద్ నాడు మీ ఇంటికి వచ్చిన అతిథి తీపి వద్దంటే, బలవంతం చేయకండి. ప్రేమకు వంద రూపాలున్నాయి. గిన్నె తీసేసి పక్కన కూర్చోవడం కూడా అందులో ఒకటి.