దెందులూరులో ఎడారి

ఏలూరు దాటి తాడేపల్లిగూడెం వైపు వెళ్ళే రైలులో కిటికీ దగ్గర కూర్చున్నవారికి దెందులూరు క్షణంలో వచ్చి క్షణంలో పోతుంది. ఉత్తరంగా వెళితే మెట్ట, శాలంకాయనులూ తూర్పు చాళుక్యులూ ఏలిన పెదవేగి. దక్షిణంగా దిగితే వరిచేలు, చేపల చెరువులు, ఆపైన కొల్లేరు. గాలిలోనే నీళ్ళుండే ఈ సీమలో ఎడారి మొక్కలు పెంచాలనే బుద్ధి తెలుగు పాఠాలు చెప్పుకునే నాకే పుట్టింది.

నాన్నగారు పోయిన ఏడాది అమ్మను మా ఇంటికి తీసుకువచ్చాను. వెనక గది ఇచ్చాము. ఆవిడ అందులోంచి బయటికి వచ్చేదే కాదు. ఆ రోజుల్లోనే పనిమీద రాజమండ్రి వెళ్ళి, పక్కనున్న కడియపులంక నర్సరీలు చూసి, ఒక బుల్లి కుండీ తెచ్చాను. నిమ్మకాయంత గుండ్రటి మొక్క, ఒళ్ళంతా తెల్లటి ముళ్ళు. పేరు మామిల్లేరియా.

"ముళ్ళ మొక్క గుమ్మంలో పెడతార్రా ఎవరైనా?" అన్నది అమ్మ. మా ఆవిడ అత్తగారి పక్షం వహించింది. వారిద్దరూ ఒక మాటమీద నిలబడటం అదే మొదలు! కుండీ పెరటిగోడ ఎక్కింది.

ముళ్ళున్నవన్నీ కాక్టసులు కావండీ. మన చేలగట్లమీద పాలుకారే జెముళ్ళది వేరే కులం. నాగజెముడు మాత్రం అసలైన కాక్టసే. అమెరికా ఖండాలనుంచి వచ్చింది. దాని మీద బతికే రంగుపురుగు కథ ఒకటున్నది. 1795లో ఎర్రరంగు తీయవచ్చునని ఆ పురుగును బ్రెజిల్ నుంచి బెంగాలుకు తెచ్చారు. చూడటానికి అలాగే ఉన్నా, అసలు జాతి కాదది! రంగు నాసి, జెముడును మాత్రం మహా ఇష్టంగా తిన్నది.

ఆ మాఘమాసంలో మా మొక్క నెత్తిన చుట్టూ చిన్న చిన్న గులాబి పువ్వులు, కిరీటం పెట్టినట్టు, పూచాయి. మధ్యాహ్నం ఎండకు విచ్చుకొని సాయంత్రానికి ముడుచుకునేవి. అమ్మ మొదటిసారి పెరట్లోకి వచ్చి చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు కూడా వచ్చింది.

మొక్క మొదట్లో పుట్టిన పిల్లలను మూడింటిని విడదీసి, గాయం ఆరేదాకా వారం రోజులు నీడన ఉంచి, ఇసుకా ఇటుకముక్కలూ కలిపిన మట్టిలో పెట్టాను. ఆ ఏడు శ్రావణం ముసురులో తల్లిమొక్క అడుగునుంచి కుళ్ళిపోయింది. నల్లమట్టీ, నా అతిప్రేమా కలిసి చేసిన పని అది. నీళ్ళు పొయ్యకపోవడం కూడా సేవేనని అప్పుడు తెలిసింది.

మూడు పిల్లలూ బతికాయి. రెండేళ్ళకు పూచాయి. గోడమీది రెండూ ముదురు గులాబి. వెనక వసారాలో మూలనున్నది వెలిసిన చీరలాగా, పువ్వులు కూడా నాలుగే. ఇది వేరే రకమని నిశ్చయించుకొని కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడికి గొప్పగా చెప్పాను. ఆయన నవ్వాడు.

"మాస్టారూ, పిలకనుంచి వచ్చింది తల్లికి నకలు. తేడా కావాలంటే రెండు వేరు వేరు మొక్కల పుప్పొడి కలిపి గింజ కట్టించాలి. గింజనుంచి వచ్చిన వాటిలో ఏ రెండూ ఒకటిగా ఉండవు" అన్నాడు.

ఇంకో కుండీ తెచ్చి, మా అమ్మాయి చిత్రలేఖనం కుంచెతో పుప్పొడి కలిపాము. పండుమిరపకాయలంత ఎర్రటి, బుల్లి కాయలు కాశాయి. ఆ నారు ఇప్పుడు శనగగింజలంత ఉన్నది. ఒకదానికి ముళ్ళు తెలుపు, ఒకదానికి గోధుమ రంగు. పువ్వులు ఎలాగుంటాయో చూడాలి.

ఈ శాస్త్రమంతా ఇంటికి వచ్చి అమ్మకు వివరించాను. ఆవిడ వసారాలోని కుండీని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పింది.

"ఒక కడుపున పుట్టినవేరా. దీన్ని చీకట్లో కూర్చోబెట్టి, రంగు లేదంటే ఎలా?" అన్నది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ సాయంత్రమే కుండీని గోడమీదికి మార్చాను. కొత్తచోట ఎండదెబ్బ తగలకుండా పది రోజులు పల్చటి గుడ్డ కప్పాను. మరునాడు ఇద్దరు మనుషులను పిలిచి అమ్మ మంచాన్ని కూడా వెనక గదిలోంచి వీధివైపు గదికి మార్పించాను. అక్కడ పొద్దుటి ఎండ పడుతుంది. బడికి వెళ్ళే పిల్లలు కనపడతారు.

"నాకేం పువ్వులు పూయాలట్రా?" అన్నది అమ్మ.

కిందటి మాఘంలో మూడు కుండీలూ ఒకే రంగు పూచాయి. ఆ సంగతి నాకు చెప్పినది అమ్మే. పొద్దున్నే పలకరించే పాలవాడికి, నాకంటే ముందే చెప్పిందట.