కాలువ గట్టున ఒక ప్రశ్న

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు విద్యార్థులతో వెళుతూ, అసర్ నమాజు కోసం కె.సి. కాలువ గట్టున ఆగాము. వుజూ చేస్తూ ఒక బాలుడు, "హజ్రత్, ఇక్కడ పడవలు ఎన్నడైనా తిరిగాయా?" అని అడిగాడు.

తిరిగాయి. 1863లో పనులు ఆరంభమైన ఈ కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సేద్యంతో పాటు పడవల రాకపోకలకు కూడా తవ్వించింది. తుంగభద్రపై సుంకేసుల వద్ద బయలుదేరి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగుతుంది. నీటిమట్టం మారే చోట పడవలను ఎక్కించి దించడానికి లాకులు కట్టారు. కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసింది. కాలక్రమంలో పడవలు కనుమరుగయ్యాయి.

ఆ దశాబ్దంలోనే, 1867లో, మద్రాసులో ఆంగ్లేయులు వినోదార్థం బోట్ క్లబ్బు స్థాపించుకున్నారు. అడయారు నది ఒడ్డున అది నేటికీ నడుస్తోంది. సరదా పడవకు సంఘమూ, చరిత్రా దక్కాయి. సరుకు మోసిన మన పడవ జ్ఞాపకం కూడా పిల్లలకు అందలేదు.

మమ్మల్ని మరింత కలచినది వేరొకటి. మా పదిహేడుగురు విద్యార్థుల్లో ఈత వచ్చినవారు ఇద్దరే! ఈతను మన పెద్దలు మేలైన క్రీడల్లో ఎంచారు. కాలువ పక్కన పుట్టిన బిడ్డలు నీటికి బెదరడం మన అశ్రద్ధే. పడవల క్లబ్బు మన ఊళ్లకు దూరపు మాట కావచ్చు; పెద్దల కాపలాలో ఈత నేర్పడం మన చేతిలోని పని. వచ్చే సెలవుల్లోనే మొదలుపెడదాం, ఇన్షా అల్లాహ్.