కడియం దీపాల కింద చామంతి

రత్నాచల్ దువ్వాడ దాటగానే బోగీలో భోజనం డబ్బాల మూతలు లేచాయి. పులిహోర వాసన, నిమ్మకాయ ఊరగాయ వాసన కలిసి తిరుగుతున్నాయి. ఎడమ వైపు కిటికీలో ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు కాసేపు తోడొచ్చి వెనకబడ్డాయి. పక్క సీటావిడ అనకాపల్లిలో దిగాల్సిన మనిషి. నా కాళ్ల దగ్గరున్న ఖాళీ అట్టపెట్టెలను చూసి, "ఏటి బాబూ, ఖాళీ పెట్టెలు మోసుకెళ్తన్నావు?" అంది. కడియం అన్నాను. ఇంకేం అడగలేదు. మా వైపు ఆ ఊరి పేరు చెబితే మొక్కల కోసమని విడమరిచి చెప్పక్కర్లేదు.

నాక్కావలసిన మొక్కకి మూడు షరతులు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండాలి. మోకాలెత్తు దాటకూడదు. మిగతా పూలన్నీ వెనకపట్టాక పూయాలి. ఈ కోరిక పుట్టించింది సియాటిల్‌లో ఉన్న మా అన్నయ్య కూతురు. తన పెరట్లో అక్టోబరులో విరగబూసిన ఎనిమోన్ల ఫొటో పంపి, "పొట్టి రకం బాబాయ్, మీ మేడ మీద కుండీల్లో వేసుకోండి" అంది. పువ్వు ముద్దుగానే ఉంది. గులాబీ రంగు రేకులు, నడుమ ఆకుపచ్చని బొడిపె, దాని చుట్టూ పసుపు కేసరాలు. జపనీస్ ఎనిమోన్ అంటారు గానీ దాని పుట్టిల్లు చైనా. రాబర్ట్ ఫార్చూన్ అనే స్కాట్లండు మొక్కల వేటగాడు 1840లలో షాంఘై కోటగోడల దగ్గర, సమాధుల మధ్య దాన్ని చూసి ఇంగ్లండుకు పంపాడు. చలికాలమంతా మట్టిలో వేరుగా పడుకుని, వేసవి పోయే వేళకు పూసే మొక్క అది. నీలగిరుల మీద దాని చుట్టం ఒకటి అడవిలో తెల్లగా పూస్తుంది గానీ, అక్కడి చలి వేరు. విశాఖ మే నెల ఉక్కపోతలో, ఉప్పుగాలిలో దాన్ని బతికించాలనుకోవడం మొక్కను హింసపెట్టడమే.

మన దగ్గర ఆ మూడు షరతులకూ తలూపేది చామంతి. ఏటా మొదట్లోంచి పిలకలేస్తుంది, కార్తీకం వస్తేగానీ ఒళ్లు విరుచుకోదు. పైగా చామంతుల్లో ఎనిమోన్ తరగతి అని ఒకటి ఉంది. అంచున ఒకటి రెండు వరసల రేకులు, నడుమ దిండులా ఉబ్బిన గొట్టపు పూలు. ఆ ఫార్చూనే 1846లో చైనాలోని చూసన్ దీవి నుంచి ఒక చిన్న చామంతిని పట్టుకెళ్తే, దాని సంతతిలోంచే యూరప్‌లో బొండు పూల పాంపాన్ రకాలు వచ్చాయి. రెండు పూలకూ ఓడ టికెట్టు కొన్నది ఒకే మనిషి.

చామంతులైతే విశాఖలోనూ దొరుకుతాయి. రైలెక్కించిన సంగతి మరొకటుంది. గాజువాకలో మా మేడకి పడమటి పిట్టగోడ పక్కనే వీధి దీపం. ఒకే తల్లి మొక్క పిలకల్ని కుండీల్లో వేసి, సగం మెట్లగది చాటున, సగం ఆ పిట్టగోడ వార పెట్టాను. చాటునున్నవి నాగులచవితి నాటికి మొగ్గ తొడిగాయి. దీపం కిందివి మొగ్గ మాటే లేకుండా ఏపుగా పెరిగి నడుందాకా వచ్చాయి. ఎరువెక్కువైందని ఒకరు, పొటాష్ చాల్లేదని ఒకరు. అదే మట్టి, అదే నీళ్లు, అదే ఎరువు. తేడా అల్లా దీపమే. కడియంలో చామంతి మళ్ల మీద రాత్రిళ్లు బల్బులు వెలిగిస్తారని పేపర్లలో ఫొటోలు చూశాను. ఆ వెలిగించేవాళ్లనే అడుగుదామని బయల్దేరాను.

తుని దాటాక అన్నవరం కొండ కనబడగానే సగం బోగీ చేతులు జోడించింది. సామర్లకోట నుంచి రెండు వైపులా వరి, కంకులు బరువెక్కి ఒరిగి ఉన్నాయి. రాజమండ్రిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. వేమగిరి వచ్చేసరికి రోడ్డుకి ఇరువైపులా మొక్కలు తప్ప ఇంకేం లేదు. జాతీయ రహదారి మీద లారీలు ఆగి ఉన్నాయి. ఒకదాని నిండా కొబ్బరి మొక్కలు, ఒకదాని నిండా ఏనుగు ఆకారంలో కత్తిరించిన పొదలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన నేల ఇది. గోదావరి ఒండ్రు, ఏడాది పొడుగునా నీరు, చేతివాటం ఉన్న మనుషులు. కడియపులంక, బుర్రిలంక, కడియం, ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో కొత్తవాడికి తెలీదు.

నేను వెళ్లిన నర్సరీ కుర్రాడికి ముప్పై దాటి ఉండవు. తాత నాడు బంతి నారు, తండ్రి నాడు మామిడి అంట్లు, ఇప్పుడితను చామంతి. "ఆరున్నర దాకా కూర్చోండి సార్, మీరే చూద్దురు గాని" అని టీ తెప్పించాడు. మళ్ల మీద మనిషెత్తున సరుగుడు కర్రలు పాతి తీగలు లాగారు. తీగ పొడవునా వరసగా బల్బులు వేలాడుతున్నాయి. చీకటి పడుతుండగా మోటారు షెడ్డులోంచి ఎవరో స్విచ్చేశారు. మడి, దాని వెనక మడి, ఆ వెనకది, అలా పసుపు వెలుగు పాకుతూ కాలువ గట్టు దాకా పోయింది. రోడ్డు మీద కార్లు ఆపుకుని ఫొటోలు తీసుకునేవాళ్లు అప్పటికే చేరారు.

"ఇది తెలివిలో ఉంచడమండి," అన్నాడు. "చీకటి ఎక్కువైతే చామంతికి పూసే బుద్ధి పుడుతుందండి. బెత్తెడు మొక్కకి ఆ బుద్ధి పుడితే రెండు పూలు పూసి ఊరుకుంటుందాయె. అందుకని ఒళ్లు చేసేదాకా లైట్లేస్తాం. చాలనుకున్న రోజున ఆపేస్తాం. ఆపిన ఎనిమిది తొమ్మిది వారాలకి పువ్వండి. ఈ మళ్లు సంక్రాంతివి. ఇంకో నాలుగైదు రోజుల్లో ఆపేయాలి."

అతను లెక్కగా చెప్పినదాన్ని శాస్త్రం 1920లో కాగితం మీద పెట్టింది. అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు, ఎండాకాలమంతా పూయకుండా తాటిచెట్టులా పెరిగే ఒక పొగాకు రకం వెంటపడి, మొక్క పొద్దు నిడివిని కొలుస్తుందని తేల్చారు. మొక్క నిజానికి కొలిచేది ఏకధాటి చీకటినని తర్వాత తేలింది. అందుకే నడిరాత్రి కొన్ని గంటలు దీపం వేసినా చాలు, రాత్రి రెండు ముక్కలై చామంతి మోసపోతుంది. విశాఖలో జూన్ పగలు పదమూడు గంటల పైచిలుకు, డిసెంబరు పగలు పదకొండు గంటలు. మనకి చలి అంతంతమాత్రమే గనక, చామంతికి కాలం చెప్పేది ముఖ్యంగా ఆ రెండు గంటల తేడానే. దాన్ని ఒక వీధి దీపం తుడిచిపెట్టేస్తుంది. ఓడరేవు, ఉక్కు, రాత్రి షిఫ్టులు ఉన్న మా ఊళ్లో మేడ మీద చీకటి కావాలంటే వెతుక్కోవాల్సిందే.

మర్నాడు పొద్దున్నే మళ్లోకి దిగాను. ఒకామె పీట మీద కూర్చుని లేత మొక్కల తలలు తుంచుతోంది. బొటనవేలి గోరు, చూపుడు వేలు, అంతే. చిగురు కింద రెండాకులు కలిపి చటుక్కున తెంపి ఒళ్లోని సంచిలో వేసేస్తుంది. గోరంతా నల్లగా పసరు పట్టి ఉంది. చేతికి చామంతి ఆకు ఘాటు. "ఎన్నిసార్లు తుంచుతారమ్మా?" అన్నాను. "పొట్టిగా, గుబురుగా రావాలంటే రెండు సార్లు తుంచాలండి. ఆయ్, ఒక్కసారి తుంచితే కర్రలాగ లేస్తది" అంది తల ఎత్తకుండానే. నాటిన మూడు నాలుగు వారాలకు ఒకసారి, కొమ్మలు జానెడయ్యాక మరోసారి. మొగ్గ కట్టే కాలం దగ్గరపడ్డాక మాత్రం గోరు పెట్టకూడదు. తుంచే పనీ, ఊతకర్ర పనీ లేకుండా వాటంతటవే బంతిలా గుబురు కట్టే పొట్టి రకాలు లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ తయారుచేసింది. ఓపిక లేనివాళ్లకి అవి మేలు. నాకు మాత్రం ఆ గోటి పని నచ్చింది.

పొట్టి మొక్క కొనేటప్పుడు ఒకటి అడగాలి, పుట్టుకతో పొట్టిదా, మందు కొడితే పొట్టిదైందా అని. పెరుగుదలను అదిమిపట్టే మందులున్నాయి. వాటి ప్రభావం పోయాక, మరుసటి ఏడాది పిలకలు తమ అసలు ఎత్తుకి లేస్తాయి. కుర్రాడు దాచలేదు, వేరే షెడ్డులోవి చూపించి "అవి పండక్కి బల్ల మీద పెట్టుకునేవండి, మీకొద్దు" అన్నాడు. నాకిచ్చినవి మట్టి కవర్లలో ఉన్న పిలక మొక్కలు. వాటిలో లేత ఊదా రంగుది ఒకటి విచ్చుకుని ఉంది. చుట్టూ ఒక్క వరస రేకులు, నడుమ పసుపు దిండు. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్లీ లేచింది. సియాటిల్ పువ్వుకి ఇదేం తీసిపోదు.

మా పిట్టగోడ సంగతి చెప్పాను. ఆ కుండీల్ని చీకట్లోకి మార్చేద్దామనుకుంటున్నానన్నాను.

"ఎందుకండీ మార్చడం? దీపం కింద సగం ఉంచండి. నవంబరు మొదటి వారంలో మెట్లగది చాటుకి జరపండి, సంక్రాంతికి పూస్తాయి. మిగతా సగం మొదట్నుంచీ చాటునే ఉంచితే కార్తీకానికే పూస్తాయి. పూలయ్యాక మొదలుకి బెత్తెడుంచి కోసేయండి. పిలకలొస్తాయి, మేలో మాత్రం నీడన పెట్టండి. మీ ఊరి ఉప్పుగాలికి వారానికోసారి ఆకులు కడగండి, పేనుబంక కూడా పోద్ది."

పెట్టెల్లో కవర్లు సర్ది, గాలాడటానికి పక్కల బెజ్జాలు పొడిచాడు. ధర చెప్పాడు. ఇంత దూరం నుంచి వచ్చాను, కాస్త చూసి తీసుకోమన్నాను.

"మీకేం సార్, మీ లైటు కరెంటు బిల్లు ఊరు కడుతుంది. మాది మేమే కట్టుకోవాలి కదండీ" అన్నాడు. ఒక్క రూపాయి తగ్గలేదు.